సోడా తాగితే తగ్గింది కదా, మరి గ్యాసేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మా ఆయనకు 52 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. గ్యాస్ బాధ ఎప్పటినుంచో ఉంది. రాత్రి భోంచేశాక పాన్ 40 వేసుకోనిదే పడుకోరు. మూడు వారాల నుంచి కొత్తగా ఇంకొకటి మొదలైంది. బియ్యం బస్తా జరిపినా, డాబా మెట్లు ఎక్కినా ఛాతీ పట్టేసినట్టు ఉంటోందట. ఎడమ దవడ కూడా లాగుతోందంటున్నారు. కూర్చుని సోడా తాగితే నాలుగు తేన్పులు వచ్చి ఐదు నిమిషాల్లో తగ్గిపోతోంది. "గ్యాస్ కాకపోతే సోడాకి ఎందుకు తగ్గుతుంది?" అంటారు. పోయిన వారం బలవంతం మీద ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. అప్పటి నుంచి ఆసుపత్రి మాటే ఎత్తనివ్వడం లేదు. నాకు 46 ఏళ్లు. ఏడాదిగా రాత్రి పడుకున్నాక గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయి. పొద్దున వాకిలి ఊడ్వడానికి వంగితే ఇంకా ఎక్కువ. నాది గుండె జబ్బేమోనని భయంతో నిద్ర పట్టదు. మా ఇద్దరిలో ఎవరిది గ్యాస్, ఎవరిది గుండె? ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: అమ్మా, ముందు మీవారి సంగతి. ఇది చదివిన రోజే ఆయన్ని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేపు, ఎల్లుండి, ఆదివారం కొట్టు మూశాక అని వాయిదా వేయకండి. మీరు రాసిన లక్షణాలు గ్యాస్‌కి సరిపోవడం లేదు. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉన్నప్పుడు వచ్చే నొప్పికి, అంటే మేము ఆంజైనా అనేదానికి, అచ్చంగా సరిపోతున్నాయి. మీది మాత్రం చాలావరకు కడుపులోని ఆమ్లం పైకి తన్నడం వల్ల వచ్చే మంటలాగే ఉంది. మీ ఇంట్లో భయపడాల్సిన మనిషి ధైర్యంగా ఉన్నారు, అంతగా భయపడక్కర్లేని మీరు నిద్ర మానుకున్నారు. ఇలాంటి జంటలు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు.

ఉత్తరం మీద చెప్పే మాట పరీక్షకు సాటి రాదు. అయినా మీవారి విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. "బస్తా జరిపినా, మెట్లు ఎక్కినా" అని రాశారు. అన్నం తిన్నా, పడుకున్నా అని రాయలేదు. శ్రమ చేస్తే వచ్చి, ఆగితే పోయే ఛాతీ బిగింపుని వేరే కారణం తేలేదాకా గుండెదిగానే చూడాలి. దానికి తోడు దవడ లాగుతోంది. ఎనిమిదేళ్ల షుగరుంది. పైగా మూడు వారాల కిందటి దాకా లేనిది కొత్తగా మొదలైంది. కొత్తగా మొదలైన ఆంజైనాని మేము పాతదాని కంటే ఎక్కువ ప్రమాదంగా చూస్తాం. రక్తనాళంలో అడ్డు నిలకడగా లేదని అర్థం కావచ్చు.

ఇక సోడా. మీవారి వాదనంతా దాని మీదే నిలబడింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది. ఆయన ఆగారు, కూర్చున్నారు. సోడా తెప్పించుకున్నారు, గోలీ కొట్టారు, తాగారు, తేన్చారు. ఈ పనులన్నిటికీ ఎంత సేపు పట్టింది? నాలుగైదు నిమిషాలు. ఆంజైనా నొప్పి ఏమీ తాగకపోయినా, ఊరికే కూర్చుంటే తగ్గడానికి పట్టే సమయం కూడా అంతే. గుండె వేగం తగ్గింది, దానికి కావలసిన రక్తం తగ్గింది, ఉన్న సన్నటి దారిలోంచి వచ్చే రక్తం సరిపోయింది, నొప్పి పోయింది. ఆ పని చేసింది కుర్చీ, పేరు సోడాకి వచ్చింది.

తేన్పు సంగతీ అంతే. సోడాలో ఒత్తిడి పెట్టి నింపేదే కార్బన్ డయాక్సైడ్ వాయువు. ఈనో లాంటి పొడి నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగేదీ అదే వాయువు. అది తాగిన ఎవరికైనా తేన్పు వస్తుంది. మీవారికి వచ్చిన తేన్పు ఆయన కడుపులో ముందు నుంచీ ఉన్న గ్యాస్ కాదు, అప్పుడే సీసాలోంచి లోపలికి వెళ్లింది తిరిగి బయటికొచ్చింది. "తేన్పు వచ్చింది, కాబట్టి గ్యాసే" అనే మాట మన ఇళ్లలో ఎంతమందిని ఆసుపత్రికి వెళ్లకుండా ఆపిందో తలచుకుంటే బాధగా ఉంటుంది. జెలుసిల్, డైజీన్, వాము నీళ్లు, దేనికి తగ్గినా సరే, తగ్గడాన్ని పరీక్షగా తీసుకోకండి. అది తిరగేసినా నిజమే. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌కి తగ్గింది కాబట్టి గుండె నొప్పే అని కూడా తేల్చలేం. ఆ మందు అన్నవాహిక కండరాన్ని కూడా వదులు చేస్తుంది.

మందుకి తగ్గిందా లేదా అన్నది పక్కన పెట్టి, ఏ పనికి వచ్చింది అని అడగండి. ఇంట్లో చేయగలిగిన అసలు పరీక్ష అదే. 1768లో విలియం హెబర్డెన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఈ నొప్పిని మొదటిసారి వివరంగా వర్ణించి దానికి ఆంజైనా అని పేరు పెట్టాడు. అప్పటికి ఈసీజీ లేదు, స్టెతస్కోపు కూడా పుట్టలేదు. రోగులు చెప్పింది శ్రద్ధగా విని రాసుకున్నాడు. నడుస్తుంటే వస్తుంది, ఎత్తు ఎక్కుతుంటే మరీ వస్తుంది, నిలబడిపోతే మాయమవుతుంది అన్నాడు. అన్నం తిన్న వెంటనే నడిస్తే ఎక్కువ వస్తుందని కూడా అన్నాడు. ఆ చివరి మాటని మన వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. తిన్నాక జీర్ణం కోసం పేగులకి రక్తం ఎక్కువగా పోవాలి, గుండె ఎక్కువ పని చేయాలి. అందుకే రాత్రి భోజనం చేసి వీధి చివరి దాకా నడిచేసరికి ఛాతీ పట్టేస్తుంది. ఇంట్లో అందరూ "తిన్నాక వచ్చింది కదా, గ్యాసే" అని తేల్చేస్తారు.

అసలు ఈ రెండూ ఇంతగా ఎందుకు కలిసిపోతాయి? మన శరీరంలో అన్నవాహిక సరిగ్గా గుండె వెనక నుంచి దిగుతుంది. ఎంత దగ్గరంటే, గుండె వెనక భాగం స్పష్టంగా చూడాల్సి వచ్చినప్పుడు మేము నోట్లోంచి సన్నటి గొట్టం అన్నవాహికలోకి దించి అక్కడి నుంచి స్కాన్ చేస్తాం. రెండిటి నుంచి బయలుదేరే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయి. పైన మెదడుకి "ఛాతీలో ఏదో అయింది" అని కబురు అందుతుంది కానీ, ఏ అవయవం పంపిందో కచ్చితంగా తెలియదు. పేరు విషయంలో మన భాష కూడా తోడైంది. కడుపులో ఆమ్లం పైకి వస్తే దాన్ని మనం "గుండెల్లో మంట" అంటాం. మీ భయం సగం ఆ పేరులోంచే పుట్టింది. అసలు గుండె జబ్బుకేమో "గ్యాస్ పట్టేసింది" అంటాం.

నా దగ్గరికి వచ్చిన వాళ్లని "నొప్పి ఉందా?" అని అడగడం ఎప్పుడో మానేశాను. గుండె జబ్బు ఉన్న చాలామంది "నొప్పేం లేదండీ" అంటారు, అబద్ధం కాదు. వాళ్లకి నిజంగానే నొప్పి అనిపించదు. "బరువుగా ఉందా, అదిమినట్టుందా, పట్టేసినట్టుందా?" అంటే అప్పుడు "ఆ, అదే, ఎవరో బండరాయి పెట్టినట్టు" అంటారు. తర్వాత ఎక్కడో చూపించమంటాను. చెయ్యి ఎలా పెడతారో చూస్తాను. ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడ" అని చుక్క పెట్టినట్టు చూపించి, అక్కడ నొక్కితే అబ్బా అంటే అది సాధారణంగా కండరానిదో ఎముకదో అవుతుంది. పొట్ట పైభాగం దగ్గర చెయ్యి పెట్టి గొంతు దాకా పైకి జరిపితే ఆమ్లం అనుకుంటాను. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెడితే మాత్రం నా దృష్టంతా అక్కడే ఉంటుంది. ఆ పిడికిలికి శామ్యూల్ లెవీన్ అనే అమెరికన్ గుండె డాక్టరు పేరు పెట్టారు, వైద్య విద్యార్థులందరూ చదువుకుంటారు. ఇది కూడా నూటికి నూరు పాళ్లు నిజమయ్యే గుర్తు కాదు. కానీ ఈ రోజు మీవారిని "ఎక్కడ పట్టేస్తోంది, చూపించండి" అని అడిగి చూడండి.

గుండెది ఛాతీ ఎడమ పక్కనే వస్తుందన్నది కూడా నిజం కాదు. ఎక్కువగా ఛాతీ మధ్యలో వస్తుంది. అక్కడి నుంచి ఎడమ చేతికో, రెండు చేతులకో, మెడకో, దవడకో, వీపులో రెండు రెక్కల మధ్యకో పాకుతుంది. పన్ను నొప్పి అనుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన వాళ్లూ ఉన్నారు.

ఒక రాత్రి గురించి చెప్పాలి. పీజీ చదువుకునే రోజుల్లో క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా నలభై ఏళ్ల లారీ డ్రైవర్‌ని తీసుకొచ్చారు. దారిలో ధాబాలో బిర్యానీ తిన్నాడు. రెండు గంటలకి పొట్ట పైభాగంలో మంట, రెండు వాంతులు. ఛాతీలో ఏమీ లేదన్నాడు. అంతకు ముందే ఒక చోట అసిడిటీకి ఇంజెక్షన్ చేసి పంపించేశారు. ఇంటికి వెళ్లిపోదామన్నాడట. క్లీనర్ కుర్రాడు వినలేదు. "సార్, ఆ చెమట చూడండి సార్" అన్నాడు నాతో. చలికాలం. డ్రైవర్ చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టు ఒంటికి అంటుకుపోయి ఉంది. ఈసీజీకి ఛాతీ మీద పెట్టే రబ్బరు బుడ్డలు చెమటకి నిలవడం లేదు. దూదితో తుడిచి పెడితే మళ్లీ జారిపోయాయి. మూడోసారి నర్సు చేత్తో అదిమి పట్టుకుంటే కాగితం బయటికొచ్చింది. గుండె కింది గోడకి వచ్చిన అటాక్ అది.

గుండె కింది గోడ ఉదరవితానం మీద, అంటే ఛాతీని పొట్టని వేరు చేసే కండరం మీద ఆనుకుని ఉంటుంది. దాని కిందే జీర్ణాశయం. అందుకే ఆ గోడకి రక్తం ఆగిపోతే పొట్ట పైభాగంలో నొప్పి, వికారం, వాంతి వస్తాయి. తిన్నది పడలేదనే అనుకుంటారు ఎవరైనా. ఆ డ్రైవర్‌కి గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మందు గంట సేపు సెలైన్‌లో ఎక్కించాం. బతికాడు. అతన్ని కాపాడింది ఆ క్లీనర్ కన్ను. అజీర్తికి అంతగా చెమట పట్టదు. కారణం లేకుండా చల్లటి చెమట పట్టి, మనిషి పాలిపోయి, "ఏదోలా ఉంది, భయమేస్తోంది" అంటే మంట పొట్టలో ఉన్నా సరే ఈసీజీ తీయించాల్సిందే.

ఈసీజీ అంటే గుర్తొచ్చింది, మీవారికి పోయిన వారం నార్మల్ వచ్చిందన్నారు. ఆ కాగితం చేత పట్టుకుని ఆయన నిశ్చింతగా ఉన్నారు. ఈసీజీ అనేది ఆ పది క్షణాల్లో గుండె ఎలా ఉందో చెబుతుంది. ఆంజైనా ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి నొప్పి లేని సమయంలో, పడుకోబెట్టి తీస్తే ఈసీజీ మామూలుగానే ఉంటుంది. బస్తా మోసినప్పుడు వచ్చే బాధని మంచం మీద పడుకోబెట్టి వెతికితే ఎలా దొరుకుతుంది? అటాక్ వచ్చినవాళ్లలో కూడా మొదటి ఈసీజీ ఒక్కోసారి మామూలుగా ఉంటుంది. అందుకే అనుమానం ఉంటే మేము కాసేపాగి మళ్లీ తీస్తాం, ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేస్తాం. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం అది. దెబ్బతిన్న మరు నిమిషంలో కనిపించదు, కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి అదీ ఒకసారితో సరిపెట్టరు.

మీవారిని చూసే డాక్టరు 2డీ ఎకో అనే గుండె స్కాను, ట్రోపోనిన్ చేయిస్తారు. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించాలా, సీటీ స్కాన్ చేయాలా, నేరుగా రక్తనాళాల్లో అడ్డు ఎక్కడుందో చూపే యాంజియోగ్రామ్‌కి వెళ్లాలా అన్నది ఆయన తేల్చాలి. మీరు మీ అంతట మీరు ల్యాబ్‌కి వెళ్లి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించకండి. కొత్తగా మొదలైన బాధ రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా ఊరికే కూర్చున్నప్పుడు కూడా వస్తుంటే ఆ పరీక్షే ప్రమాదం కావచ్చు. డాక్టరుకి "గ్యాస్ వస్తోందండీ" అని మొదలుపెట్టకండి. మీరు నాకు రాసిన మాటలే చెప్పండి. మెట్లెక్కితే పట్టేస్తోంది, దవడ లాగుతోంది, కూర్చుంటే ఐదు నిమిషాల్లో పోతోంది, మూడు వారాలైంది. అంతే చాలు. మన జబ్బుకి మనమే ముందుగా పేరు పెట్టుకుని వెళితే, రద్దీలో ఉన్న డాక్టరు కూడా ఆ పేరు వెంటే వెళ్లే అవకాశం ఉంది.

అయ్యా, ఈ ఉత్తరం మీరు కూడా చదువుతారనుకుని మీతో ఒక మాట. షుగర్ చాలా ఏళ్లుంటే నరాలు మొద్దుబారతాయి. కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియని షుగర్ రోగుల్ని మీరు చూసే ఉంటారు. గుండె దగ్గరి నరాలకీ అదే జరుగుతుంది. కొందరికి అటాక్ వచ్చినా నొప్పే తెలియదు, ఉత్త ఆయాసంతోనో నీరసంతోనో వస్తారు. మీకు మూడు వారాలుగా గుండె కబురు పంపుతోంది. అది మీ అదృష్టం అనుకోండి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్ల కంటే ఐదారేళ్లు ముందే వస్తోందని తేలింది. మీ వయసు 52. రెండు రోజులు కొట్టు మూస్తే బేరం పోతుందని నాకూ తెలుసు. అయినా వెళ్లండి. ఇప్పుడు పట్టుకుంటే మందులతోనో, అవసరమైతే స్టెంటుతోనో మళ్లీ గల్లా ముందు కూర్చుంటారు. డాక్టరు చూసేదాకా బస్తాలు జరపకండి, మెట్లు తగ్గించండి, సిగరెట్ ఉంటే ఇవాళే ఆపండి.

ఇప్పుడు అత్యవసరం సంగతి. ఆ బిగింపు కూర్చున్నా పది నిమిషాల్లో తగ్గకపోయినా, పనేమీ చేయకుండానే వచ్చినా, దానితో పాటు చెమట, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం ఏది ఉన్నా అది గ్యాసా కాదా అని ఇంట్లో చర్చ పెట్టుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఆయన్ని సగం కూర్చున్నట్టు వెనక్కి ఆనించి ఉంచండి, నడిపించకండి. బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం, ఆయనే స్కూటర్ నడుపుకుంటూ రావడం అసలు వద్దు. ఆస్ప్రిన్ పడని వాళ్లు కాకపోతే, కడుపులో పుండ్లు, రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ నమిలి మింగించమంటారు. ఇంట్లో 75 మాత్రలుంటే నాలుగు. మింగేస్తే కాదు, నమిలితేనే త్వరగా పనిచేస్తుంది. 108 వాళ్లని ఫోన్లోనే అడిగి ఇస్తే ఇంకా మంచిది. ఎందుకంటే వీపు చీల్చినట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి పెద్ద రక్తనాళం చీలడం వల్ల కావచ్చు, అప్పుడు ఆస్ప్రిన్ చెడు చేస్తుంది. పక్కింటి వాళ్ల సార్బిట్రేట్ తెచ్చి నాలుక కింద పెట్టకండి. బీపీ పడిపోతుంది. మగవాళ్లు లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వేసుకుని ఉంటే దాంతో ప్రాణం మీదికి వస్తుంది, ఆ మాత్రల సంగతి ఇంట్లో వాళ్లకి తెలియకపోవచ్చు కూడా. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలని వాట్సాప్‌లో తిరిగే సలహాని పట్టించుకోకండి. మనిషి పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి తీసుకోకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా అంబులెన్స్ వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి.

ఎక్కడికి తీసుకెళ్లాలో ఈ రోజే తెలుసుకుని పెట్టుకోండి. అప్పటికప్పుడు ముందు ఆర్‌ఎంపీ, తర్వాత ఒక నర్సింగ్ హోమ్, అక్కడి నుంచి ఇంకో చోటికి అంటూ తిరిగితే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. ఈసీజీ తీసి వెంటనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి దగ్గర్లో ఏది, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రి ఏది అని 108 వాళ్లనో, మీ ఊరి పీహెచ్‌సీ డాక్టరునో అడగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె నిపుణులకి పంపి, వాళ్ల సలహాతో ఆ ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగానే ఇస్తున్నారు. మీకు గుంటూరు పెద్దాసుపత్రి ఉంది. వైద్యసేవ కార్డు, పాత చీటీలు, ఆ నార్మల్ అన్న ఈసీజీ కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టి గుమ్మం దగ్గర ఉంచండి. కొత్త ఈసీజీని పాతదాని పక్కన పెట్టి చూస్తే మాకు చాలా తెలుస్తుంది.

ఇక మీ సంగతి. పడుకుంటే వచ్చే మంట, వంగితే పెరిగే మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. జీర్ణాశయానికి పైన ఉండే కండరపు కట్టు వదులైతే లోపలి ఆమ్లం అన్నవాహికలోకి ఎక్కుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే పొర జీర్ణాశయానికి ఉంది, అన్నవాహికకి లేదు, అందుకే కాలినట్టు ఉంటుంది. నిలబడితే కిందికి జారుతుంది, పడుకుంటే వంగితే పైకి వస్తుంది. మీరు మెట్లెక్కేటప్పుడు, బిందె మోసేటప్పుడు రావడం లేదు కదా? వస్తుంటే, దానితో పాటు ఆయాసమో అలవికాని నీరసమో ఉంటే నా మాట మార్చుకుంటాను. ఆడవాళ్లలో గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, వీపు నొప్పి, నీరసంగా కూడా వస్తుంది. ఇంటి పని అలసటే అని వదిలేయడం వల్ల ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా వాళ్లే. ఎలాగూ మీవారిని తీసుకెళ్తున్నారు కాబట్టి మీరూ ఒక ఈసీజీ, బీపీ, షుగర్ చూపించుకోండి. నార్మల్ అని వింటే మీ నిద్రకైనా మేలు.

నాకు ఇంకో అనుమానం ఉంది. కిరాణా కొట్టు మూసేసరికి పదో పదిన్నరో అవుతుంది. ఆయన వచ్చాక వడ్డించి, తర్వాత మీరు తిని, గిన్నెలు సర్ది పదకొండింటికల్లా పడుకుంటున్నారేమో. నిండు కడుపుతో నడుము వాల్చడమే ఈ మంటకి పెద్ద కారణం. ఆయన కోసం ఆగకండి. ఎనిమిదింటికి మీరు తినేయండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలుండాలి. మొదటి వారంలోనే తేడా తెలుస్తుంది చాలామందికి. మంచం తలవైపు రెండు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చేయండి. దిండు మీద దిండు వేసుకుంటే మెడ, నడుము వంగి పొట్ట మీద ఇంకా ఒత్తిడి పడుతుంది, దానివల్ల లాభం లేదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. అలా పడుకుంటే జీర్ణాశయం అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది. లంగా బొందు బిగించి కట్టే అలవాటుంటే వదులు చేయండి. ఒంటి బరువు ఎక్కువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా కట్టు మీద భారం తగ్గుతుంది.

ఆవకాయ మానేయమని నేను చెప్పను. అందరికీ అన్నీ పడకుండా ఉండవు. ఏది తిన్న రాత్రి మంట ఎక్కువైందో రెండు వారాలు కాగితం మీద రాసుకోండి, అది తగ్గించండి. ఎక్కువగా బయటపడేవి రాత్రిపూట వేపుళ్లు, బజ్జీలు, పరగడుపున కాఫీ, టీ. మంట వచ్చినప్పుడల్లా పాలు తాగితే అప్పటికి చల్లగా ఉంటుంది కానీ తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. ఈనోలో సోడియం చాలా ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు రోజూ తాగడం మంచిది కాదు.

పాన్ 40 లాంటి మాత్రలు పనిచేస్తాయి. కానీ వాటిని భోజనం తర్వాత వేసుకుంటే సగం వృథా. ఉదయం టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. డాక్టరు చూసి నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడమంటారు. ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. మీవారు అలా వాడుతున్నారన్న సంగతి గుండె డాక్టరుకి తప్పకుండా చెప్పండి. స్టెంట్ వేస్తే ఇచ్చే క్లోపిడోగ్రెల్ అనే మందు పనిని ఈ జాతి మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా ఒమెప్రజోల్, తగ్గిస్తాయి. ఏది వాడాలో వాళ్లు మార్చి ఇస్తారు. మీకు మింగేటప్పుడు అన్నం అడ్డుపడినట్టున్నా, ప్రయత్నించకుండా బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా ఆగకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

ఇంతా చదివాక కూడా ఏదో ఒక రాత్రి ఇద్దరిలో ఎవరికో ఏదో అయి, గ్యాసా గుండా తేలకపోతే ఈసీజీ దగ్గరికే వెళ్లండి. గ్యాస్ అని తేలి తిరిగి వచ్చిన వాళ్లని ఏ డాక్టరూ తప్పు పట్టడు. వచ్చిన ప్రతివాళ్లకీ "గ్యాసేనమ్మా, ఇంటికెళ్లండి" అని చెప్పగలిగితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. మీవారికి యాంజియోగ్రామ్ అవసరమన్నారో లేదో, ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.